వకాలత్ నేరమైన చోట

జైల్లో ఉన్న మనిషి వకీలును పెట్టుకోవాలంటే ముందు ఒక కాగితం లోపలికి వెళ్లాలి. ఖైదీ ఆ వకాలత్‌నామా మీద సంతకం చేయాలి, సంతకం అతనిదేనని జైలు అధికారి ముద్ర వేయాలి, అది తిరిగొచ్చి కోర్టు ఫైల్లో చేరాలి. అప్పటినుంచి అతని తరఫున మాట్లాడే హక్కు బయట ఒకరికి ఉంటుంది. దొంగతనం కేసుల్లో, హత్య కేసుల్లో ఇది రోజూ జరిగే పనే, ఎవరూ పట్టించుకోరు. రాజకీయ ఖైదీ విషయానికొచ్చేసరికి ఆ కాగితం బరువు మారిపోతుంది. అతన్ని కొట్టారా, మందులు ఇస్తున్నారా, ఒంటరి గదిలో పెట్టారా అన్నది లోకానికి తెలిసేది చాలాసార్లు ఆ వకీలు వల్లనే. ములాఖత్‌లో ఇంటివాళ్లకు చెప్పుకోలేనివి కూడా ఖైదీ వకీలుకు చెబుతాడు. వకీలు వాటిని పిటిషన్‌గా రాసి జడ్జి ముందు పెడతాడు. అందుకే రాజకీయ ఖైదీల నోరు నొక్కాలనుకునే ప్రభుత్వం ఎప్పుడో ఒకప్పుడు వకీలు గుమ్మం తొక్కుతుంది.

టెహ్రాన్, బీజింగ్, ఇస్తాంబుల్, మాస్కో, నాగపూర్. ఈ ఊళ్లలో రాజకీయ ఖైదీల తరఫున వాదించినవాళ్లే ఖైదీలయ్యారు. అక్కడి చట్టాలు వేరు, ప్రభుత్వాల రంగులు వేరు, ఆరోపణల భాష మాత్రం ఆశ్చర్యంగా ఒకటే. ఆ కేసులను పక్కపక్కన పెట్టి చదివితే నాకు బలంగా అనిపించిన మాట ఒకటుంది. అరెస్టు చేసేది పోలీసులే, శిక్ష వేసేది జడ్జే. కానీ ఆ దారికి అడ్డం పడగలిగేది తోటి వకీళ్లే. ఆ పని వకీళ్ల సంఘం, అంటే బార్, చేసిందా, మొహం తిప్పుకుందా అన్నదాన్ని బట్టి చాలా విషయాలు తేలిపోయాయి.

ఇరాన్‌తో మొదలుపెడతాను. ఈ కథ అక్కడ దాదాపు మొదటినుంచి చివరిదాకా బహిరంగంగానే నడిచింది.

నస్రీన్ సోతూదే 1995లోనే బార్ పరీక్ష పాసయ్యారు. వకాలత్ చేసే లైసెన్సు చేతికొచ్చింది మాత్రం 2003లో. చిన్న వయసులో చేసిన నేరానికి ఉరిశిక్ష పడ్డ పిల్లల కేసులు, మహిళా హక్కుల కార్యకర్తల కేసులు, 2009 అధ్యక్ష ఎన్నికల తర్వాత వీధుల్లోకి వచ్చి జైలుపాలైనవాళ్ల కేసులు ఆమె తీసుకున్నారు. నోబెల్ శాంతి బహుమతి పొందిన షిరీన్ ఎబాదీకి కూడా ఆమే వకీలు. 2010 సెప్టెంబరులో ఆమెను అరెస్టు చేశారు. తర్వాతి జనవరిలో 11 ఏళ్ల జైలు, 20 ఏళ్లు వకాలత్ చేయకూడదని తీర్పు. అప్పీలులో అది 6 ఏళ్ల జైలు, 10 ఏళ్ల నిషేధమైంది. జాతీయ భద్రతకు విరుద్ధంగా పనిచేయడం, వ్యవస్థకు వ్యతిరేకంగా ప్రచారం చేయడం అన్నవి ఆరోపణలు. నిజానికి తన కక్షిదారులకు ఏమవుతోందో పత్రికలకు చెప్పడమే ఆమె చేసిన పని.

2011లో ఆమెను ఎవీన్ జైలు నుంచి టెహ్రాన్ బార్ అసోసియేషన్ భవనానికి తీసుకొచ్చారు. లైసెన్సు ఉంచాలా తీసేయాలా అన్నది అక్కడ విచారణ. ఆ రోజు తీసిన ఫొటో లోకమంతా చూసింది. చేతికి బేడీలతోనే ఆమె భర్త రెజా ఖందాన్‌ను హత్తుకుని ఉన్నారు. ఆమె మొహంలో నవ్వు ఉంది. ఆ ఫొటోలోని ప్రేమ గురించి చాలామంది రాశారు. నాకు మాత్రం అది తీసిన చోటు మీదికే మనసు పోతుంది. ఒక వకీలు తన సంఘం కార్యాలయంలోకి, తన తోటివాళ్ల ముందుకు, బేడీలతో వచ్చి నిలబడాల్సి వచ్చింది.

2013 సెప్టెంబరులో ఆమె విడుదలయ్యారు. అంతకు ముందు ఏడాది, కూతురి మీద కూడా ప్రయాణ నిషేధం పెట్టినందుకు ఆమె 49 రోజులు నిరాహారదీక్ష చేశారు. అదే ఏడాది యూరోపియన్ పార్లమెంటు సఖారోవ్ బహుమతిని ఆమెకూ సినీ దర్శకుడు జాఫర్ పనాహీకీ కలిపి ప్రకటించింది. బయటికొచ్చాక మళ్లీ నల్లకోటు వేసుకుందామంటే, 2014 అక్టోబరులో బార్ క్రమశిక్షణ న్యాయస్థానమే మూడేళ్లు వకాలత్ చేయకూడదంది. జైలు వేసింది ప్రభుత్వం, పని తీసేసింది సొంత సంఘం. ఆమె ఇంటికి వెళ్లి కూర్చోలేదు. బార్ భవనం ముందే రోజూ నిరసనకు దిగారు. పాత కక్షిదారులు, కార్యకర్తలు వచ్చి పక్కన నిలబడ్డారు. నెలల తర్వాత నిషేధం కాలం తగ్గింది, లైసెన్సు తిరిగొచ్చింది. ఈ మొత్తం చరిత్రలో బార్ ఒకసారి తప్పు చేసి, ఒత్తిడి వచ్చాక దాన్ని కొంతైనా సరిదిద్దుకున్న అరుదైన సందర్భం ఇది. ఆ ఒత్తిడి తెచ్చింది ఆ వకీలే.

లైసెన్సు వచ్చాక ఆమె తీసుకున్న కేసులు మళ్లీ అలాంటివే. 2017 చివర్లో, 2018 మొదట్లో టెహ్రాన్ వీధుల్లో తలగుడ్డ తీసి కర్రకు కట్టి నిలబడిన ఆడపిల్లల తరఫున వాదించారు. 2018 జూన్‌లో మళ్లీ అరెస్టు. 2019 మార్చిలో భర్త బయటపెట్టిన తీర్పు ప్రకారం 33 ఏళ్ల జైలు, 148 కొరడా దెబ్బలు. పాత కేసు శిక్షతో కలిపితే 38 ఏళ్లు. అక్కడి నియమం ప్రకారం అన్నిటికంటే పెద్ద శిక్షే అనుభవించాలి కాబట్టి అది 12 ఏళ్లు. ఆ 12 ఏళ్లు వేసింది అవినీతిని, వ్యభిచారాన్ని ప్రోత్సహించిందన్న ఆరోపణ మీద. తలగుడ్డ తీసిన అమ్మాయికి వకీలుగా నిలబడటాన్ని ఆ తీర్పు చదివిన తీరు అది. 2020లో కరోనా సమయంలో రాజకీయ ఖైదీలను వదలాలంటూ మళ్లీ నిరాహారదీక్ష చేశారు. 2021లో వైద్యం కోసం బయటికి వచ్చారు. 2023 అక్టోబరులో, టెహ్రాన్ మెట్రోలో తలగుడ్డ విషయమై జరిగిన ఘటన తర్వాత చనిపోయిన అర్మితా గెరావంద్ అనే అమ్మాయి అంత్యక్రియలకు వెళితే అక్కడ మళ్లీ పట్టుకెళ్లారు. రెండు వారాలకు పైగా ఉంచి బెయిలు మీద వదిలారు. భర్త ఖందాన్‌ను 2024 డిసెంబరులో జైల్లో వేశారు.

ఆమె ఒక్కరే అయితే దీన్ని ఒక ధైర్యవంతురాలి కథగా చెప్పి ఊరుకోవచ్చు. ఎబాదీతో కలిసి మానవహక్కుల రక్షకుల కేంద్రాన్ని స్థాపించిన అబ్దుల్‌ఫత్తా సుల్తానీ 2011 నుంచి 2018 దాకా జైల్లో ఉన్నారు. జర్మనీలోని న్యూరంబర్గ్ నగరం ఇచ్చిన మానవహక్కుల బహుమతి తీసుకోవడం కూడా ఆయన మీద ఆరోపణల్లో ఒకటి. 2018 ఆగస్టులో ఆయన కూతురు గుండె ఆగి చనిపోయేటప్పటికి ఆయన ఇంకా లోపలే ఉన్నారు.

ఇవన్నీ మనుషుల మీద దెబ్బలు. అసలు దెబ్బ చట్టంలో పడింది. ఇరాన్ నేర విచారణ చట్టం 48వ అధికరణం కింద చేర్చిన ఒక చిన్న గమనిక ప్రకారం, జాతీయ భద్రత కేసుల్లో దర్యాప్తు దశలో నిందితుడు న్యాయవ్యవస్థ అధిపతి ఆమోదించిన జాబితా నుంచే వకీలును ఎంచుకోవాలి. వేలాది వకీళ్లున్న టెహ్రాన్‌కు 2018లో ఆ జాబితా వచ్చింది. అందులో 20 పేర్లున్నాయి. సోతూదే దాన్ని బహిరంగంగా వ్యతిరేకించారు, కొన్నాళ్లకే అరెస్టయ్యారు. అలాంటి జాబితా ఒకటి ఉన్నాక వకీళ్లను ఒక్కొక్కరినే జైల్లో పెట్టాల్సిన అవసరం కూడా తగ్గిపోతుంది. ఎవరు వాదించాలో ప్రభుత్వమే నిర్ణయిస్తే ఇక వాదన అనేది ఎక్కడ మిగిలింది?

చైనా అక్కడికి వేరే దారిలో చేరింది. అక్కడ వకీళ్ల సంఘం మొదటినుంచీ న్యాయ మంత్రిత్వ శాఖ నీడలోనిదే. లైసెన్సుకు ఏటేటా పరిశీలన ఉంటుంది. 2012 నుంచి వకీళ్లు ప్రమాణంలో కమ్యూనిస్టు పార్టీ నాయకత్వానికి విధేయత కూడా చెప్పాలి. 2015 జూలై 9న తెల్లవారుజామున వాంగ్ యూ అనే మహిళా వకీలును ఇంటి నుంచి తీసుకెళ్లడంతో మొదలైన దాడుల్లో 300 మందికి పైగా వకీళ్లను, వాళ్లతో పనిచేసేవాళ్లను పిలిపించడమో నిర్బంధించడమో చేశారు. వాళ్లలో వాంగ్ చువాన్‌జాంగ్ కథ నన్ను ఇప్పటికీ వదలదు. ఫాలున్ గాంగ్ అనే నిషేధిత ఆధ్యాత్మిక ఉద్యమ భక్తుల తరఫున, భూములు పోయిన రైతుల తరఫున వాదించిన మనిషి ఆయన. మూడేళ్లకు పైగా కుటుంబం పెట్టిన వకీళ్లను కలవనివ్వలేదు. భార్య లీ వెన్‌జూ ఆచూకీ కోసం బీజింగ్ నుంచి తియాన్‌జిన్ వైపు కాలినడకన బయలుదేరారు. ఇంకో ముగ్గురు ఆడవాళ్లతో కలిసి నిరసనగా తల గొరిగించుకున్నారు. 2019 జనవరిలో ఆయనకు నాలుగున్నరేళ్ల శిక్ష పడింది.

వాంగ్ తరఫున నిలబడ్డ యూ వెన్‌షెంగ్‌కు ముందు లైసెన్సు పోయింది, తర్వాత 2018 జనవరిలో కొడుకును బడికి తీసుకెళ్తుంటే దారిలో పట్టుకున్నారు. నాలుగేళ్లు. బయటికొచ్చాక 2023 ఏప్రిల్‌లో భార్యతో కలిసి యూరోపియన్ యూనియన్ ప్రతినిధులను కలవడానికి వెళ్తుంటే ఇద్దరినీ అరెస్టు చేశారు. ఖైదీకి వకీలు, ఆ వకీలు ఖైదీ అయితే అతనికి ఇంకో వకీలు, అతనూ ఖైదీ అయ్యాక మూడో మనిషి ముందుకు రావడానికి ఎన్ని రాత్రులు ఆలోచించుకోవాలి? అసలు ఉద్దేశం ఆ మూడో మనిషి రాకుండా చూడటమే.

రష్యాలో ఆ గొలుసు ఇంకా దగ్గరగా కనిపిస్తుంది. ప్రతిపక్ష నాయకుడు అలెక్సీ నావల్నీ జైల్లో ఉండగానే 2023 అక్టోబరులో ఆయన ముగ్గురు వకీళ్లను అరెస్టు చేశారు. జైల్లో ఆయనతో వాళ్లు మాట్లాడిన మాటల రికార్డులనే సాక్ష్యంగా పెట్టారు. ఖైదీ మాటలను బయటికి చేరవేయడం ద్వారా తీవ్రవాద సంస్థలో పాల్గొన్నారన్నది నేరం. 2024 ఫిబ్రవరిలో నావల్నీ చనిపోయారు. 2025 జనవరిలో వకీళ్లకు శిక్షలు పడ్డాయి: వదీమ్ కొబ్జెవ్‌కు అయిదున్నరేళ్లు, అలెక్సీ లిప్త్సెర్‌కు అయిదేళ్లు, ఈగర్ సెర్గూనిన్‌కు మూడున్నరేళ్లు. సౌదీ అరేబియాలో వలీద్ అబుల్‌ఖైర్ 2014 నుంచి పదిహేనేళ్ల శిక్ష కింద ఉన్నారు. ఆయన వాదించినవాళ్లలో బ్లాగు రాసినందుకు జైలుపాలైన రైఫ్ బదావీ ఉన్నారు.

తుర్కియే ఒక్కటే ఈ వరుసలో కొంచెం భిన్నం. అక్కడి పెద్ద నగరాల బార్లు తలవంచలేదు. ఎబ్రూ తిమ్‌తిక్ అనే వకీలుకు 2019లో ఉగ్రవాద సంస్థ సభ్యత్వం పేరుతో పదమూడున్నరేళ్లు వేశారు. న్యాయమైన విచారణ కావాలన్న ఒకే ఒక్క కోరికతో ఆమె 238 రోజులు నిరాహారదీక్ష చేసి 2020 ఆగస్టు 27న చనిపోయారు. ఇస్తాంబుల్ బార్ భవనం ముఖద్వారం మీద ఆమె పెద్ద ఫొటో వేలాడింది. హోంమంత్రి మండిపడ్డారు. ఉగ్రవాదంతో సంబంధమున్న వకీళ్లను వృత్తి నుంచి తప్పించడం గురించి అధ్యక్షుడు ఎర్దొవాన్ మాట్లాడారు. అంతకు ముందు జూలైలోనే, 5,000 మందికి మించి వకీళ్లున్న నగరాల్లో ఒకటికంటే ఎక్కువ బార్లు పెట్టుకోవచ్చని చట్టం తెచ్చారు. దానికి వ్యతిరేకంగా బార్ అధ్యక్షులు అంకారాకు పాదయాత్ర చేశారు. 2025 మార్చిలో ఇస్తాంబుల్ బార్ పాలకవర్గాన్నే తొలగించాలని ఒక కోర్టు తీర్పిచ్చింది. బార్ నిలబడితే అధికారం ఆ బార్‌నే చీల్చడానికి ఇంత శ్రమ పడుతుందంటే, ఆ నిలబడటం వల్ల దానికి ఎంత ఇబ్బందో తెలుస్తుంది.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న ఎదురవుతుంది, దాన్ని తప్పించుకోకూడదు. వకీలుకు కూడా కక్షిదారు రాజకీయాలే ఉంటే? రాజకీయాలే కాక నిజంగానే చట్టం దాటి ఉంటే?

దక్షిణాఫ్రికాలో బ్రామ్ ఫిషర్ ఈ ప్రశ్నకు సజీవ రూపం. తాత ఆరెంజ్ రివర్ కాలనీ ప్రధానమంత్రి, తండ్రి న్యాయమూర్తి. అలాంటి ఆఫ్రికానర్ కుటుంబంలో పుట్టి, రివోనియా కేసులో నెల్సన్ మండేలా, ఆయన సహచరుల తరఫు వకీళ్లకు నాయకత్వం వహించారు. 1964 జూన్ 12న వాళ్లకు ఉరి తప్పి యావజ్జీవం పడింది. మరుసటి రోజే ఫిషర్ భార్య మోలీ కారు ప్రమాదంలో చనిపోయారు. ఆ సెప్టెంబరులో ఆయన్నే అరెస్టు చేశారు. లండన్‌లో ప్రివీ కౌన్సిల్ ముందు ఒక కేసు వాదించాల్సి ఉందంటే బెయిలిచ్చారు. వెళ్లి వాదించి, మాట ప్రకారం తిరిగొచ్చారు. 1965 జనవరిలో మాత్రం బెయిలు వదులుకుని అజ్ఞాతంలోకి వెళ్లారు. ఆయన నిషేధిత కమ్యూనిస్టు పార్టీ నాయకుడు, ఆ సంగతి ఆయన దాచలేదు. 1966లో యావజ్జీవ శిక్ష పడింది, 1975లో క్యాన్సర్‌తో చనిపోయారు. ఆయన అస్థికలను కూడా జైళ్ల శాఖ తన దగ్గరే పెట్టుకుంది. ఆయన్ని అన్నిటికంటే ఎక్కువగా గాయపరిచింది శిక్ష కాదంటారు ఆయన జీవితం రాసినవాళ్లు. అజ్ఞాతంలోకి వెళ్లిన కొద్ది రోజులకే, తను ఎంతో గౌరవించిన జొహానెస్‌బర్గ్ బార్, ఆయన పేరు కొట్టేయాలని కోర్టుకు వెళ్లింది. 2003లో, చనిపోయిన 28 ఏళ్లకు, ఆయన పేరు మళ్లీ వకీళ్ల జాబితాలో చేర్చారు.

అమెరికాలో లిన్ స్టువర్ట్ కేసు ఇంకో రకం చిక్కు. ఉగ్రవాద కుట్ర కేసులో శిక్షపడి జైల్లో ఉన్న షేక్ ఒమర్ అబ్దుల్ రహ్మాన్ తరఫు వకీలు ఆమె. ఆయనతో మాట్లాడటానికి ప్రభుత్వం పెట్టిన షరతులకు ఒప్పుకుని సంతకం చేశారు, తర్వాత వాటిని మీరి 2000లో ఆయన సందేశాన్ని పత్రికలకు ఇచ్చారు. 2005లో దోషిగా తేలారు. మొదట 28 నెలలు వేసిన శిక్ష తర్వాత పదేళ్లయింది. ఆమె చేసింది తప్పే అనుకునే వకీళ్లు ఉన్నారు, వాళ్ల వాదనలో బలం ఉంది. వకీలు కోటు నేరానికి రక్షణ కవచం కాకూడదు. అయితే ఫిషర్ కేసులోనూ స్టువర్ట్ కేసులోనూ ప్రభుత్వం ఒక నిర్దిష్టమైన పనిని చూపించి బహిరంగ కోర్టులో రుజువు చేయాల్సి వచ్చింది. నేను పైన చెప్పిన మిగతా కేసుల్లో చూపించిన పనులు ఏమిటి? పత్రికలతో మాట్లాడటం, బహుమతి తీసుకోవడం, ఖైదీ చెప్పింది వినడం. ఐక్యరాజ్యసమితి 1990లో హవానాలో ఆమోదించిన వకీళ్ల పాత్ర సూత్రాల్లో 18వది చెప్పేది ఇదే: వృత్తి బాధ్యత నిర్వర్తిస్తున్నందుకు వకీలును అతని కక్షిదారుతో గానీ, కక్షిదారు ఆశయంతో గానీ ఒకటిగా చూడకూడదు. నేరం చేస్తే విచారించవద్దని అందులో లేదు.

తెలుగువాళ్లకు ఈ ప్రశ్న పరాయిది కాదు. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉరిశిక్ష పడ్డ 12 మంది ఖైదీల కేసు 1951లో సుప్రీంకోర్టుకు వెళ్లినప్పుడు వాదించడానికి ఇంగ్లండు నుంచి బారిస్టర్ డి.ఎన్. ప్రిట్ వచ్చారు. నల్లగొండలో ప్రత్యేక ట్రిబ్యునల్ ముందు ఖైదీలకు వకీలును పెట్టుకునే అవకాశమే సరిగా దొరకలేదన్నది అక్కడ లేవనెత్తిన అంశాల్లో ఒకటి. ఆ తర్వాతి తరానికి పౌరహక్కుల వకీలు కె.జి. కన్నబిరాన్ ఉన్నారు. పార్వతీపురం కుట్ర కేసు, విప్లవ రచయితల సంఘం (విరసం) రచయితల మీద పెట్టిన సికింద్రాబాద్ కుట్ర కేసు, నక్సలైటు ఖైదీలు భూమయ్య, కిష్టాగౌడ్‌ల ఉరి ఆపడానికి చేసిన పోరాటం, అత్యవసర పరిస్థితిలో నిర్బంధితుల కేసులు. వీటన్నిటిలో ఆయన గొంతు ఉంది. నక్సలైట్ల తరఫున వాదిస్తున్నందుకు ఆయన్ని నక్సలైటు అన్నవాళ్లు కోకొల్లలు. అయినా హైకోర్టులో ఆయన లేచి నిలబడితే వినని జడ్జి లేడు. ఆ గౌరవం ఆయనకు కొంత రక్షణైంది. జిల్లాల్లో ఉన్నవాళ్లకు ఆ రక్షణ లేదు. పౌరహక్కుల సంఘంలో పనిచేసిన వకీలు నర్రా ప్రభాకర్ రెడ్డిని 1991లో వరంగల్‌లో, టి. పురుషోత్తంను 2000 నవంబరులో హైదరాబాద్‌లో చంపేశారు. మనదగ్గర ఒక కాలంలో జైలు దాకా కూడా వెళ్లనివ్వలేదు.

సరిహద్దు దాటి బస్తర్‌లోకి వెళితే బార్ సంగతి మళ్లీ ముందుకొస్తుంది. జగ్‌దల్‌పూర్‌లో ఆదివాసీ ఖైదీల కేసులు ఉచితంగా చూస్తున్న వకీళ్ల బృందాన్ని ఆపడానికి మొదటి అడుగు వేసింది అక్కడి బార్ అసోసియేషనే. స్థానికంగా నమోదు కానివాళ్లు ప్రాక్టీసు చేయకూడదని 2015లో తీర్మానం చేసింది. 2016 ఫిబ్రవరికల్లా ఆ బృందం ఊరు వదిలి వెళ్లాల్సి వచ్చింది. ఆ డిసెంబరులో నిజనిర్ధారణకు బయలుదేరిన తెలంగాణ బృందాన్ని, అందులో ఉన్న హైకోర్టు వకీలు చిక్కుడు ప్రభాకర్‌తో సహా, రద్దయిన నోట్ల ఆరోపణ మీద సుక్మా జైల్లో నెలల తరబడి ఉంచారు.

ఇక నాగపూర్. ఈ వ్యాసం ఆగి చూడాల్సిన చోటు ఇది.

సురేంద్ర గాడ్లింగ్ దళిత కుటుంబం నుంచి వచ్చిన వకీలు. నాగపూర్‌లో, గడ్చిరోలి అడవి ప్రాంతపు కోర్టుల్లో దశాబ్దాల పాటు చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం (ఊపా) కేసులు, నక్సల్ కేసులు వాదించారు. ఆయన కక్షిదారుల్లో ఎక్కువమంది పేర్లు ఏ పేపర్లోనూ రాని ఆదివాసులు. పేరున్న కక్షిదారు ఒకరు మనవారే: అమలాపురంలో పుట్టి ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు పాఠాలు చెప్పిన జి.ఎన్. సాయిబాబా. 90 శాతం వైకల్యంతో చక్రాల కుర్చీలో ఉన్న సాయిబాబాకు 2017 మార్చి 7న గడ్చిరోలి కోర్టు యావజ్జీవం వేసింది. ఆ విచారణలో వాదించింది గాడ్లింగ్. ఏడాది తిరిగిన కొద్ది నెలలకు, 2018 జూన్ 6న, పుణేలో జరిగిన సభకు సంబంధించిన ఎల్గార్ పరిషత్ కేసులో ఆయన్నే అరెస్టు చేశారు. మావోయిస్టు పార్టీకి పనిచేస్తున్నాడన్నది ఆరోపణ. ఆయన దాన్ని ఒప్పుకోలేదు. పుణే కోర్టులో తన కేసు తనే వాదించుకున్నారు. తర్వాత గడ్చిరోలిలో 2016 డిసెంబరులో ఇనుప గని వాహనాలు తగలబెట్టిన సూర్జాగఢ్ కేసులో కూడా ఆయన పేరు చేర్చారు.

ఆయన కంప్యూటరులోకి హానికర సాఫ్ట్‌వేర్ పంపి ఫైళ్లు పెట్టారని అమెరికాకు చెందిన ఆర్సెనల్ కన్సల్టింగ్ అనే ఫోరెన్సిక్ సంస్థ 2021లో తేల్చింది. దర్యాప్తు సంస్థ ఆ నివేదికను అంగీకరించలేదు. ఎవరు చెప్పింది నిజమో తేల్చాల్సింది విచారణలో. ఆ విచారణే మొదలు కాలేదు. 2025 జనవరిలో ఇదే కేసులో రోనా విల్సన్, సుధీర్ ధవాలేలకు బెయిలిస్తూ బొంబాయి హైకోర్టు, అభియోగాలు ఇంకా నమోదు కాలేదని, సాక్షులు 300 మందికి పైగా ఉన్నారని గుర్తించింది. ఊపాలో 43డి(5) అనే క్లాజు వల్ల ప్రాథమికంగా ఆరోపణ నిజమనిపిస్తే చాలు, బెయిలు దాదాపు అసాధ్యం. ఇరాన్‌లో 33 ఏళ్లు అని తీర్పు రాయాల్సి వచ్చింది. ఇక్కడ తీర్పు కూడా అక్కర్లేదు, వాయిదా చాలు.

2020 ఆగస్టులో గాడ్లింగ్ తల్లి కరోనాతో చనిపోయారు. తాత్కాలిక బెయిలు అడిగితే ప్రత్యేక కోర్టు కాదంది. ఏడాది తర్వాత, సంవత్సరీకం కోసం, 2021 ఆగస్టు 13 నుంచి 21 దాకా వెళ్లి రమ్మని హైకోర్టు అనుమతించింది. ఆయన వెళ్లారు, గడువుకు తిరిగొచ్చారు.

ఈ మధ్యలో సాయిబాబా కేసు ఏమైంది? 2022 అక్టోబరులో హైకోర్టు నిర్దోషి అంది, మరుసటి రోజే సుప్రీంకోర్టు ఆపింది. మళ్లీ విచారించి 2024 మార్చి 5న హైకోర్టు మళ్లీ నిర్దోషి అంది. సహనిందితుడు పాండు నరోటే ఆ తీర్పు వినలేదు, 2022 ఆగస్టులో ఖైదీగానే చనిపోయాడు. సాయిబాబా 2024 మార్చి 7న నాగపూర్ జైలు నుంచి బయటికొచ్చి, అక్టోబరు 12న హైదరాబాద్ నిమ్స్‌లో కన్నుమూశారు. అంటే గాడ్లింగ్ గడ్చిరోలిలో నిలబడి చెప్పిన మాటే చివరికి హైకోర్టులో నిలిచింది. ఆ రోజు ఆయన జైల్లో ఉన్నారు. కక్షిదారు నిర్దోషిగా ఇంటికి వెళుతుంటే, వాదించిన వకీలు విచారణ ఖైదీగా మిగలడం కంటే ఈ ప్రశ్నను సూటిగా చెప్పే సంగతి నాకు తెలియదు.

అదే కేసులో ఛత్తీస్‌గఢ్ కార్మికుల వకీలు సుధా భరద్వాజ్ మూడేళ్లకు పైగా లోపల ఉండి 2021 డిసెంబరులో సాంకేతిక కారణం మీద బెయిలు పొందారు. యరవాడ, బైకుల్లా జైళ్లలో తోటి ఆడ ఖైదీలకు దరఖాస్తులు రాసిపెట్టారు. వకాలత్ అలవాటు తాళం వేస్తే పోయేది కాదు.

మరి బార్ ఎక్కడుంది? గాడ్లింగ్ కోసం కొన్ని వకీళ్ల సంఘాలు మాట్లాడాయి, కొందరు పెద్ద వకీళ్లు ఫీజు లేకుండా వాదించారు. అది తక్కువ మాట కాదు. కానీ వృత్తి మొత్తంగా కదల్లేదు. కోర్టు క్యాంటీన్లలో వినిపించే మాట తెలిసిందే: నిప్పు లేనిదే పొగ రాదు కదా. జూనియర్‌కు సీనియర్ చెప్పే మాట కూడా తెలిసిందే: నీకెందుకయ్యా, కొరివితో తల గోక్కోవడం. దీని పక్కన 2025 జూన్‌ను పెట్టి చూడండి. ఒక ఆరోగ్య బీమా కంపెనీకి న్యాయ సలహా ఇచ్చిన వ్యవహారంలో సీనియర్ న్యాయవాదులు అరవింద్ దాతార్, ప్రతాప్ వేణుగోపాల్‌లకు ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ (ఈడీ) సమన్లు పంపింది. బార్ సంఘాలు ఒక్కసారిగా లేచాయి. రోజుల్లో సమన్లు వెనక్కి వెళ్లాయి. సుప్రీంకోర్టు తనంతట తానే కేసు తీసుకుని అక్టోబరు 31న తీర్పు ఇచ్చింది. సమన్లకూ ఊపా కేసుకూ తేడా ఉంది, నిజమే. సలహా ఇవ్వడాన్ని నేరంగా చూడటం అనే మూలం మాత్రం ఒకటే. కార్పొరేట్ సలహాకు లేచిన బార్, గడ్చిరోలి వకాలత్‌కు ఎందుకు లేవలేదు?

ఇంకో పాత తీర్పు కూడా గుర్తు చేసుకోవాలి. కోయంబత్తూరులో వకీళ్లకూ పోలీసులకూ గొడవ జరిగాక, ఆ పోలీసుల తరఫున ఎవరూ వాదించకూడదని అక్కడి బార్ తీర్మానించింది. 2010 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్మానం చెల్లదంది. ఎంతటి ఆరోపణ ఉన్నా ప్రతి మనిషికీ వకీలు దొరకాలని, దొరకకుండా చేసే బార్ తీర్మానాలు చట్టవిరుద్ధమని చెప్పింది. కోర్టు ఆ రోజు నిలబెట్టింది పోలీసుల హక్కును. ఆ హక్కే ఆదివాసీ ఖైదీకి కూడా ఉండాలంటే అతని వకీలు ప్రాక్టీసులో ఉండాలి.

యూరప్ ఈ మధ్య ఒక అడుగు వేసింది. వకాలత్ వృత్తి రక్షణ కోసం కౌన్సిల్ ఆఫ్ యూరప్ తయారుచేసిన ఒప్పందం 2025 మే నెలలో సంతకాలకు తెరుచుకుంది. వకీలును కక్షిదారుతో కలిపి చూడకూడదన్న సూత్రం ఇందులో దేశాలను కట్టిపడేసే నియమంగా మారబోతోంది. మన దేశంలో రాజస్థాన్, కర్ణాటక వకీళ్ల రక్షణకు చట్టాలు తెచ్చుకున్నాయి. అవి ప్రధానంగా భౌతిక దాడుల గురించి. కోర్టు ఆవరణలో కొట్టినవాణ్ణి శిక్షించడానికి అవి పనికొస్తాయి, కక్షిదారు మీద ఉన్న ఆరోపణనే వకీలు మీద కూడా రాసిన చార్జిషీటును అవి ఆపలేవు.

అక్టోబరు 31 తీర్పులో మాత్రం పట్టుకోదగ్గ కొస ఒకటుంది. కక్షిదారు వివరాల కోసం వకీలుకు సమన్లు పంపాలంటే చట్టం చెప్పిన మినహాయింపు ఉండాలి, పై అధికారి రాతపూర్వక ఆమోదం ఉండాలి. వకీలు ఫోన్, కంప్యూటరు కావాలంటే అవి కోర్టు ముందుకే రావాలి, వకీలు సమక్షంలో తెరవాలి, మిగతా కక్షిదారుల రహస్యాలు బయటపడకుండా చూడాలి. 2018 ఏప్రిల్‌లో నాగపూర్‌లోని గాడ్లింగ్ ఇంటికి సోదాకు వెళ్లినప్పుడు ఇలాంటి పద్ధతి ఏదీ లేదు. ఇప్పుడుంది. దాన్ని ఊపా కేసుల్లో వకీలే నిందితుడైనప్పుడు కూడా పాటించాలని అడగాల్సింది రాష్ట్రాల బార్ కౌన్సిళ్లు. ఒక వకీలును తన కక్షిదారులున్న కేసులోకో, అలాంటి కేసులోకో లాగితే, మొదటి బెయిలు విచారణకే బార్ తరఫున ఒక పరిశీలకుడు వెళ్లి కూర్చోవాలి, చూసింది రాసి బయటపెట్టాలి. అతను వదిలివచ్చిన వకాలత్‌లు అనాథలు కాకుండా వేరే వకీళ్లకు అప్పగించాలి. వీటికి కొత్త చట్టం అక్కర్లేదు. హైదరాబాద్‌లో, అమరావతిలో బార్ కౌన్సిల్ సమావేశంలో ఒక తీర్మానం పెడితే సరిపోతుంది.